అగ్గిపెట్టెల సారు

"అది గాదు బిడ్డా. దానికన్న ముందు ఏం తిన్నది?"

మూడోసారి అదే ప్రశ్న. అప్పటికే నేను కిటికీ చువ్వలు పట్టుకుని పావుగంట నుంచి నిలబడ్డాను. చంకలో మూడేళ్ల పిల్ల, చేతిలో అగ్గిపెట్టె. నా వెనక ఐదారుగురున్నారు, వాళ్ల చేతుల్లోనూ అగ్గిపెట్టెలే.

"ముందంటే నిన్ననా, ఇయ్యాల్నా సారూ?"

"ఇయ్యాల. నిద్ర లేవంగనే."

"లేవంగనే ఏం తినలే. ఏడ్సింది."

"ఏడ్సుడు తిండి కిందికి రాదు. ఏడ్సినంక?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నా వెనకే నిలబడ్డ ముసలమ్మకు మాత్రం నవ్వు రాలేదు. "సారూ, గీ పిల్ల తిన్నయన్ని నువ్వు రాసుకునేటాల్లకు మా పెట్టెలు ఎండిపోతయ్" అంది.

"ఎండిపోతే మల్ల రేపు తేవాలె అవ్వా. గందుకే నడుమ మాట్లాడకు, జల్ది అయితది" అన్నారాయన, కాగితం మీద నుంచి పెన్సిల్ ఎత్తకుండానే.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది అలా.

మొన్న మా తమ్ముడికి ఫోన్ చేద్దామని పాత బస్టాండు వెనక సందులో కొత్తగా పెట్టిన ఎస్టీడీ బూత్‌కు పోయాను. నంబరు కలిసేదాకా ఊరికే నిలబడలేక కిటికీ చువ్వలు పట్టుకున్నాను. పట్టుకున్నాక తట్టింది, ఇది ఆయన గదే కదా అని. బూత్ నడిపే ఆమెను అడిగితే, "గాయన పోయిండు గదక్కా, పోయిన చలికాలంల" అంది. ఏమైందని అడిగాను. "ఏమో. ఏదో కడుపుల రోగమన్నరు, పేరు తెల్వది." అవతల తమ్ముడు హలో హలో అంటూనే ఉన్నాడు. ఆ 'ఏదో' అన్న మాటను ఆయన ఒప్పుకునేవారు కాదు. ఎప్పటి సంది, దినానికి ఎన్నిసార్లు, దానికి ముందు ఏం తిన్నరు, అని మొదలుపెట్టేవారు.

ఆయన పేరు నాకు తెలుసు. కానీ సిద్దిపేటలో ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు, అందుకని ఇక్కడా రాయను. అందరికీ ఆయన అగ్గిపెట్టెల సారు. రక్తం, మూత్రం కూడా పరీక్ష చేసేవారు గానీ ఎక్కువగా వచ్చేది దొడ్డికి పరీక్షే. డాక్టర్లు చీటీ రాసి పంపితే జనం దాన్ని దేంట్లో తేవాలి? ఇప్పటిలా మూత డబ్బాలు అప్పుడు లేవు. ఖాళీ అగ్గిపెట్టెలో ఇంత ఆకు ముక్క పరిచి, అందులో తెచ్చేవాళ్లు. నారాయణరావుపేట నుంచి, కొండపాక నుంచి, తొగుట నుంచి బస్సుల్లో జేబులో పెట్టుకుని వచ్చేవాళ్లు. బస్సులో పక్కన కూర్చున్నాయన బీడీ ముట్టించుకుంటానని అగ్గిపెట్టె అడిగితే, ఇవ్వలేక, లేదనలేక, ముందు స్టాపులోనే దిగి నడిచి వచ్చిన మనిషిని నేను కళ్లారా చూశాను. ఆ కథ విని సారు నవ్వలేదు. "ఎంతసేపు నడిచినవ్? గంటనా? అయితే చల్లగైపోయింటది" అని పెట్టె తీసుకున్నారు.

ఆయన వేళ్ల చివర్లు ఎప్పుడూ ముదురు రంగులో ఉండేవి. మొదట్లో నేను ఈయన బీడీలు బాగా తాగుతాడు కాబోలు అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది గాజుముక్క మీద వేసే మందు రంగు. ఎంత కడిగినా పోదట. గోధుమరంగు. ఆ రోజుల్లో గోధుమ అన్న మాటంటేనే నాకు భయం, ఎందుకో చెప్తాను.

అద్దంలో, అంటే ఆ సూక్ష్మాలు చూసే దుర్భిణిలో, అందరూ ఒక కన్ను మూసి చూస్తారు కదా. ఆయన రెండు కళ్లూ తెరిచే చూసేవారు. ఒక కన్ను అద్దం మీద, రెండోది గాల్లోకి. "ఒకటి మూసుకుంటే రెండోది అలసిపోతది. రెండు తెరిచి ఒకదాంతోని చూసుడు నేర్చుకోవాలె" అనేవారు. ఏమీ కనపడకపోతే ఏమీ మాట్లాడరు, చీటీ మీద గీత గీసి ఇచ్చేస్తారు. ఏమైనా కనపడితే మాత్రం లేచి జేబులో నుంచి దువ్వెన తీసి, ఉన్న నాలుగు వెంట్రుకలూ పక్కకు దువ్వుకునేవారు. ఎందుకో ఆయనకే తెలియదు. కిటికీ బయట జనానికి మాత్రం అది బాగా తెలుసు. "దువ్వెన తీసిండు, దువ్వెన తీసిండు" అని వరసలో గుసగుసలు పోయేవి. ఎవరి పెట్టె అద్దం కింద ఉందో వాళ్లు చువ్వలకు దగ్గరగా జరిగేవాళ్లు.

అయినా రోగం పేరు చెప్పేవారు కాదు. ఎంత బతిమాలినా సరే. "పేరు పెట్టుడు డాక్టర్ల పని. నాకు కండ్లకు ఏం కనవడ్డదో గదే రాస్త" అనేవారు. తినేది అడగడం మాత్రం ఆపరు. సిద్దిపేటలో ఎవరి వంటింట్లో ఏం ఉడుకుతుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు. కొందరు ఆడవాళ్లు కోపం చేసేవాళ్లు, గీయనకెందుకు మా ఇంట్ల కూర సంగతి అని. దారిలో కనపడితే అందరూ మంచిగున్నవా అంటారా, ఈయన "పొద్దుగాల ఏం తిన్నవ్?" అనేవారు.

ఇక మా సంగతి. మా ఆయనకు బస్టాండు దగ్గర పూరీల బండి ఉండేది. పొద్దున్నే గోధుమపిండి కలిపితే, ఎనిమిదింటికల్లా రెండు వాయలు అయిపోయేవి. మా రజితకు రెండేళ్లు నిండినప్పటి నుంచి కడుపు సరిగా లేదు. దినానికి ఐదారుసార్లు దొడ్డికి, అదీ జిడ్డుజిడ్డుగా, వాసన. పొట్ట బుడగలా, కాళ్లు చేతులు పుల్లల్లా. నెలలు గడిచినా పిల్ల పెరగలేదు, పైగా గౌన్లు వదులయ్యాయి. పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు మంచాయనే. చాలాసేపు చూసి, "గోధుమ పడని రోగం ఉండొచ్చు. నెలరోజులు గోధుమ ఆపి చూద్దాం, మళ్లీ తీసుకురండి" అన్నాడు. ఆపి చూద్దాం అన్నాడు, నాకు బాగా గుర్తు. కానీ ఇంటికి వచ్చేసరికి మా అత్తమ్మ నోట్లో ఆ 'చూద్దాం' పోయింది. ఆపాలి అన్నదొక్కటే మిగిలింది. పేరు తెలిసినంక మల్ల పోవుడెందుకు అని ఇంకోసారి పోలేదు.

ఆపగానే పదిరోజులు పిల్ల బాగుంది. ఇంకేం కావాలి? రోగం దొరికిందని ఇంట్లో అందరం నమ్మేశాం. పదకొండో రోజు మళ్లీ మొదలైంది. అప్పటి నుంచి మా ఇంట్లో గోధుమ కోసం వెతుకులాట. ఎవరింట్లో చపాతీ తిందో, ఎవరు బిస్కెట్ ఇచ్చారో, గుడిలో పెట్టిన ప్రసాదంలో ఏముందో. ఎక్కడా దొరక్కపోయేసరికి మా అత్తమ్మ చూపు మా ఆయన అంగీ మీద పడింది. అంగీ నిండా పిండి. వెంట్రుకల్లో పిండి, గోళ్లలో పిండి. "నువ్వే పట్టుకొస్తున్నవ్ కొడకా ఇంట్లకు" అంది.

అంతే. ఆ రోజు నుంచి ఆయన బండి నుంచి వచ్చి బోరింగు దగ్గరే స్నానం చేసి, బట్టలు మార్చుకుని, అరుగు మీద కూర్చునేవాడు. పిల్లను ముట్టుకునేవాడు కాదు. అది "బాపూ" అని చేతులు చాచి ఉరికితే లేచి వెనక్కి పోయేవాడు. మొదట ఏడ్చేది. కొన్నాళ్లకు చేతులు చాచడం మానేసింది. అది చూసిన రోజు ఆయన నాతో, "బండి అమ్మేస్త. తొగుటాయన కొంటనన్నడు. భీవండిల మగ్గాల పని దొరుకుతదట, పోత. పిండి లేని ఇంట్ల పిల్లన్న బతుకుతది" అన్నాడు. వచ్చే నెల మొదటి సోమవారం పొద్దున బండి అప్పజెప్తానని తొగుటాయనకు మాట కూడా ఇచ్చేశాడు.

అప్పుడు నేను అత్తమ్మకు చెప్పకుండా పిల్లను ఎత్తుకుని సర్కారు దవాఖానకు పోయాను. అక్కడి డాక్టరమ్మ చీటీ రాస్తే, అగ్గిపెట్టె పట్టుకుని ఆ కిటికీ దగ్గరికి వచ్చాను.

"ఏడ్సినంక ఉప్మా తిన్నది" అన్నాను.

పెన్సిల్ ఆగింది. "ఉప్మా దేంతోని చేసినవ్?"

"రవ్వతోని."

"ఏం రవ్వ?"

"బొంబాయి రవ్వ సారూ. గోధుమ ఒద్దన్నరు గదా, గందుకే రోజు గదే పెడుతున్న. సేమ్యా గూడ పెడ్త. మా అత్తమ్మ చలువ అన్నది."

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. "బొంబాయి రవ్వ దేంతోని అయితది బిడ్డా?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. "రవ్వంటే నూకలే గదా సారూ. బొంబాయిల చేసే నూకలు."

వెనక ముసలమ్మ కూడా "ఔను, నూకలే" అంది.

ఆయన లేచారు. పక్కన పిండి గిర్ని ఉండేది, అక్కడికి పోయి గుప్పెడు గోధుమలు తెచ్చారు. కిటికీ గట్టు మీద కాగితం పరిచి, ఐదారు గింజలు పోసి, మందు సీసా అడుగుతో నొక్కారు. పొట్టు పక్కకు ఊది, మిగిలింది నా ముందుకు తోశారు. తెల్లగా, గరుకుగా. నేను వేళ్లతో పట్టి చూశాను. నా చేతులకు ఆ రవ్వ తెలియకపోవడం ఏంటి, ఏడాదిగా రోజూ వేయిస్తున్నాను.

గోధుమపిండి అంటే గోధుమ అని పేరులోనే ఉంది. బొంబాయి రవ్వ పేరులో ఊరు ఉంది గానీ గింజ లేదు. మాకెవరికీ తట్టలేదు. పూరీల బండి నడిపే మా ఆయనకే తట్టలేదు. అంగీ మీద పిండి దులుపుకుంటూ, పిల్లను ముట్టకుండా ఏడాది బతికాం, రోజూ పొద్దున దాని నోట్లో గోధుమే పెట్టుకుంటూ.

నాకు అక్కడే ఏడుపొచ్చింది. "నేనే పెట్టిన సారూ. నా చేతులతోనే పెట్టిన" అన్నాను.

"ఆగు. ఏడువకు, లెక్క తప్పుతది" అన్నారు. "నడుమ పదిరోజులు మంచిగున్నదంటివి. గప్పుడు రవ్వ తిన్నదా?"

"తిన్నది."

"రోజు?"

"రోజు. గప్పుడే మొదలు పెట్టిన."

"తిన్నది, మంచిగున్నది. తర్వాత తిన్నది, మంచిగ లేదు." పెన్సిల్‌తో కాగితం మీద రెండు గీతలు గీశారు. "రెండుసార్లు తిన్నది ఒక్కటే, అయింది వేరువేరు. గోధుమ మీద పెట్టిన కేసు నిలవడెటట్టు లేదు బిడ్డా."

"అయితే రవ్వ ఆపాల్నా?"

"డాక్టరమ్మను అడుగు. నన్నడిగితే మాత్రం, ఒకసారి ఒక్కటే మార్చాలె. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెల్వది." తర్వాత ఇంకో మాట అన్నారు, "గోధుమ పడనోల్లు నిజంగనే ఉంటరు. లేరనుకోకు. బట్టల దుకాణమోల్ల కోడలున్నది, ఆమెకు పట్నంల పేగుల నుంచి ఇంత ముక్క తీసి అద్దం కింద పెట్టి చూసిన్రు. చూసినంకనే పేరు పెట్టిన్రు. గోధుమ ఇడిసిపెట్టినంక ఆమె గుండ్రాయి లెక్క ఉన్నది. నీ పిల్లను ఎవలు చూసిన్రు?"

ఎవరూ చూడలేదు. చూద్దాం అన్నారు, మేమే పోలేదు.

డాక్టరమ్మ కూడా, పరీక్షలయ్యేదాకా తినేది మార్చకు అంది. దినం తప్పించి దినం, మూడు పెట్టెలు తెమ్మన్నారు సారు. మొదటిదాని మీద గీత గీసి ఇచ్చేశారు. రెండోదాని మీదా గీతే. ఆ రోజుల్లో ఆ కిటికీ దగ్గర నిలబడి నేను చాలా విన్నాను. ఒక పోలీసాయన వచ్చేవాడు. రోజూ చపాతీలు తిని, మీద గిలాసెడు పాలు తాగి పడుకునేవాడు, పొద్దున కడుపు ఉబ్బి విరేచనాలు. అతనికీ ఎవరో గోధుమ పడదన్నారు. చపాతీలు ఆపితే తగ్గింది. సారు వదిలిపెడతారా, "చపాతీ ఆపితివి, మరి పాలో?" అని అడిగారు. చపాతీ లేనిది పాలెందుకని అవీ ఆపేశాడట. "అయితే నాలుగు దినాలు చపాతీ ఒక్కటే తిను. తర్వాత నాలుగు దినాలు పాలొక్కటే తాగు" అన్నారు. వారం దాటాక పోలీసాయన వచ్చి కిటికీలో తల పెట్టి, "సారూ, దొంగ దొరికిండు. పాలు" అన్నాడు. ఆ రోజు సారు ఎంత సంబరపడ్డారో, ఏమీ కనపడకపోయినా దువ్వెన తీశారు.

అన్నీ అలా నవ్వే కథలు కావు. కొండపాక నుంచి కల్లు గీసేవాళ్ల ఇంటామె వచ్చింది. చిక్కిపోయి ఉంది, ఆమెకూ మా పిల్లలాగే విరేచనాలు. నాకైతే రెండూ ఒకటే రోగంలా కనిపించాయి. సారు అగ్గిపెట్టె తెరవకుండానే ఆమె మొహం చూస్తూ, "పొద్దుమూకంగ ఒళ్లు వెచ్చగైతదా?" అని అడిగారు. "నీకెట్ల తెలుసు" అంది. పెట్టె చూసి, గీత గీసి, "ఇది నా అద్దంల కనవడేది గాదు బిడ్డా" అన్నారు. గదికి తాళం వేసి, బయట అంతమంది నిలబడి ఉండగానే, ఆమెను వెంటబెట్టుకుని క్షయ పరీక్షలు చేసే వార్డు దాకా నడుచుకుంటూ పోయారు. ఎవరూ గొణగలేదు. మా ముసలమ్మ కూడా. ఒకే రకంగా కనిపించే కడుపునొప్పి వెనక ఇన్ని రకాలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. ఏడో తరగతి దాకా చదివాను గానీ, బడిలో ఎవరూ ఇది చెప్పలేదు.

మూడో పెట్టెకు ముందురోజు, "వేడి తగ్గకముందే తేవాలె. చల్లగైతే అవి కదలయ్" అన్నారు. ఏవి అంటే చెప్పలేదు. పొద్దున ఇంట్లో పనంతా వదిలేసి ఉరికాను. అత్తమ్మ వెనక నుంచి "ఏడికే పిల్లా, పొయ్యి మీద అన్నం ఉన్నది" అంటున్నా ఆగలేదు. ఆ రోజు కిటికీ దగ్గర ఎవరూ లేరు. ఆయన పెట్టె తీసుకుని, గాజుముక్క మీద చుక్క వేసి, వంగారు. రెండు కళ్లూ తెరిచి. చాలాసేపు అలాగే ఉన్నారు, నేను ఆ గాల్లోకి చూసే కంటినే చూస్తూ నిలబడ్డాను. అది నన్ను చూడటం లేదు, ఎటూ చూడటం లేదు.

ఆయన లేచి దువ్వెన తీశారు.

నా చేయి చువ్వను వదల్లేదు. "ఏమున్నది సారూ?"

"లోపటికి రా. నువ్వే చూడు."

ఆ గదిలోకి జనాన్ని రానివ్వరు. నేను పోయి అద్దం మీద కన్ను పెట్టాను. మొదట వెలుగు తప్ప ఏమీ లేదు. "రెండోది మూయకు" అన్నారు. తెరిచాను. అప్పుడు మెల్లగా కనిపించింది. చిన్న చిన్న ఆకులు గాలికి రాలుతున్నట్టు, తిరుగుతూ, ఊగుతూ పోతున్నాయి. కింద సన్నం, పైన గుండ్రం. ఆయన ఇంకో గాజుముక్క మీద ఆ గోధుమరంగు మందు చుక్క వేసి పెట్టారు. ఇందులో అవి కదలడం లేదు. ఒకదాన్ని చూస్తే దాని పైభాగాన రెండు గుండ్రని మచ్చలు, పక్కపక్కన.

"సారూ, గిది నన్ను చూస్తున్నది."

"అవి కండ్లు గావు బిడ్డా. కానీ ఇన్నేండ్ల సంది నాకు గూడ గట్లనే అనిపిస్తది" అన్నారు. "నీళ్లల్ల నుంచి వస్తయ్. పేగు గోడకు అతుక్కొని కూసుంటయ్. తిన్నది ఒంటికి పట్టనియ్యవు. ఒక దినం కనవడ్తయ్, రెండు దినాలు దాసుకుంటయ్. అచ్చం గోధుమ రోగం లెక్కనే చేస్తయ్."

"అయితే మా ఆయన అంగీ..."

"అంగీ ఏం చేసింది పాపం" అన్నారు, చీటీ రాస్తూ.

డాక్టరమ్మ తీపి మందు రాసింది. ఇంట్లో తాగే నీళ్లన్నీ కాచి చల్లార్చమంది. బావి నీళ్లా, బండి దగ్గరి డ్రమ్ములో నీళ్లా, ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరికీ తెలియలేదు. నేను అన్నీ కాచాను. రవ్వ ఆపలేదు, ఒకసారి ఒక్కటే మార్చాలి కదా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కూడా. రవ్వ గోధుమదని తెలిస్తే, తల్లే విషం పెట్టిందంటారని భయం. వారంలో దొడ్డికి గట్టిపడింది. రెండో వారంలో పిల్ల తనంత తానే ఇంకింత పెట్టు అని గిన్నె ముందుకు తోసింది. ఏడాదిలో మొదటిసారి.

నెల మారింది. మొదటి సోమవారం రేపనగా, ఆదివారం పొద్దున నాలుగో పెట్టె పట్టుకుపోయాను. సెలవు రోజే, అయినా గది తెరిచే ఉంది. చాలాసేపు చూశారు. గీత గీశారు. ఆ గీత కోసం అంత ఎదురుచూస్తానని నేను ఎప్పుడూ అనుకోలేదు.

"ఏం లెవ్వు" అన్నారు. "రవ్వ?"

"రోజు తింటనే ఉన్నది."

"అయితే నాకు కనవడ్డది గంతే. గోధుమ తినుకుంటనే పిల్ల మంచిగైంది." కాస్త ఆగి, "డాక్టరమ్మకు చూపెట్టు. నెలనెలా తూకం చూపెట్టు. ఒక్కసారి చూసి ఊకోవద్దు" అన్నారు.

డాక్టరమ్మ పిల్లను తూచి, అన్నీ తిననీయండి, మళ్లీ మొదలైతే వెంటనే రండి అంది. నేను ఇంటికి వచ్చి, మా ఆయనా అత్తమ్మా ఇద్దరూ అరుగు మీద ఉండగా మొత్తం చెప్పేశాను. సీసాతో గింజలు నలిపిన సంగతి, ఆకుల్లా రాలేవాటి సంగతి, అన్నీ.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "అయితే ఏడాది సంది పిల్లకు గోధుమలు పెడుతున్నవా నువ్వు?"

"నువ్వు పెట్టుమంటనే పెట్టిన అత్తమ్మా. చలువ అంటివి."

"నేనన్నది రవ్వ."

"గదే అత్తమ్మా గిది."

పిల్ల గడపలో కూర్చుని మమ్మల్ని చూస్తోంది. మా ఆయన దాని వైపు చూసి, తన చేతులు చూసుకుని, "మాటిచ్చిన గదనే తొగుటాయనకు. పొద్దుగాల వస్తడు" అన్నాడు. ఇంకా నమ్మకం కుదరలేదు. ఏడాది పాటు తనే తెస్తున్నాడని నమ్మిన మనిషి కదా. గోధుమ తప్పు కాదని నేను చెప్పగలను గానీ, ఆయన చేతులకు ఎలా చెప్పను? సారు అయితే చెప్పరు, కళ్లతో చూడమంటారు.

తెల్లవారి నేను ఆయనకంటే ముందు లేచి, బండికి పోయే గోధుమపిండి డబ్బా తీసి, ఏడాది తర్వాత మొదటిసారి మా ఇంటి గడప లోపలే పిండి తడిపాను. పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. ఇంత ముద్ద దాని చేతికిచ్చాను, అది నలిపి మొహమంతా పూసుకుంది. ఆయన అరుగు మీద నుంచి లేచి తొగుటాయన కోసం సందు వైపు చూస్తున్నాడు. నేను అలాగే, మోచేతుల దాకా పిండితో, పిల్లను ఎత్తుకుని పోయి ఆయన చేతుల్లో పెట్టి, తీసుకునేదాకా వదల్లేదు.